పద్యంలో చచ్చిన నెబ్రిస్

రోమ్‌కు దగ్గర్లోని మా తీబుర్‌లో పూలదండలు కట్టి బతికే ఆడవాళ్ళకు కొదవ లేదు. జలపాతం దగ్గర్నుంచి సంత దాకా వరసగా వాళ్ళ బల్లలే. వాళ్ళలో నెబ్రిస్ పేరు ఊరందరికీ తెలిసింది ఆమె దండల వల్ల కాదు, ఆమె చావు వల్ల. ఆ చావైనా నిజంది కాదు. ఒక పెద్దమనిషి రాసిన పద్యాల్లోది.

నెబ్రిస్ పుట్టుక బానిస పుట్టుక. వెరానియా అనే కలవారి ఇల్లాలి ఇంట్లో, దండలు కట్టే గదిలో పుట్టింది, ఆ గదిలోనే పెరిగింది. తల్లి ముఖం ఆమెకు గుర్తు లేదు. మాటలు రాకముందే తన చేతికి నార ఇచ్చారని చెప్పుకునేది. పెళ్ళి దండకు ఒక ముడి, విందు దండకు ఒక ముడి, సమాధి మీద వేసే దండకు ఇంకో ముడి. సమాధి దండను మళ్ళీ ఎవరూ సర్దరు కాబట్టి గాలికి ఊడకుండా బిగించి కట్టాలి. ఆ పనిలో ఆమెది అందె వేసిన చెయ్యి. నోరు మాత్రం చేతి కంటే రెండాకులు ఎక్కువే చదివింది. వెరానియాకు ఆ నోరే నచ్చి, వయసులో ఉండగానే విడుదల ఇచ్చి వీధిలో కొట్టు పెట్టుకోనిచ్చింది. విడుదలైనా సరే, పాత యజమానురాలు పిలిచినప్పుడు వెళ్ళి సేవ చెయ్యాలి. అది కట్టుబాటు.

అప్పుడే స్తబేరియుస్ కన్ను ఆమె మీద పడింది. రోమ్‌లో ఇల్లూ, మా ఊళ్ళో తోటా ఉన్న మనిషి, పైగా కవి. ఒక విందుకు దండలు తెచ్చిన నెబ్రిస్‌ను చూశాడు, ఇంకేముంది, పిచ్చి పట్టింది. చీకటి పడితే ఆమె గడప మీద పడుకుని పాటలు పాడేవాడు. తలుపుకు దండలు తగిలించి పోయేవాడు. ఆ దండలు పగలు ఆమె దగ్గర కొన్నవే.

"తలుపు తియ్యకపోతే చచ్చిపోతాను నెబ్రిస్!" అని అరిచాడొక రోజు.

"చావండి అయ్యగారూ. దండ నేనే కట్టి పంపిస్తా. ముడి గట్టిగా వేస్తాలెండి," అంది ఆమె లోపల్నుంచి.

వీధి వీధంతా కిటికీల్లోంచి నవ్వింది. పరువు పోయిన మగవాడు మామూలోడైతే నాలుగు రోజులు ముఖం చాటేసి మళ్ళీ బయటికొస్తాడు. కవి అలా కాదు, అతనికి జ్ఞాపకం ఎక్కువ. స్తబేరియుస్ రోమ్ వెళ్ళిపోయాడు. చస్తానన్నవాడు చావలేదు. కొన్నేళ్ళకు తీరిగ్గా కూర్చుని ఆమెనే చంపాడు.

ఈలోగా నెబ్రిస్ కంచరగాడిదలు తోలే క్రెస్కెన్స్‌ను చేసుకుంది. క్రెస్కెన్స్ మంచివాడు, అంతకు మించి చెప్పడానికేమీ లేదు. తల్లి కొంగు చాటు బిడ్డ. ఆ తల్లి మేవియా శకునాల పుట్ట. ఎడమకాలు ముందు పెట్టి గడప దాటినవాణ్ణి వెనక్కి పంపి మళ్ళీ రప్పించేది. కోడలి నోటికీ అత్త శకునాలకూ పొద్దున్న లేస్తే యుద్ధమే. ఇద్దరూ రాజీపడేది ఒక్కచోటే, ప్రోతా దగ్గర. నెబ్రిస్‌కు పుట్టిన ఒక్కగానొక్క పిల్ల అది. అప్పటికి పాలపళ్ళు ఊడే వయసు. తల్లి దండ కడుతుంటే పక్కన కూర్చుని పూలు అందించేది, అందిస్తూ ప్రశ్నలు అడిగేది.

ఆ ఏడు ద్రాక్ష కోతలు అయ్యాక వెరానియాకు జబ్బు చేసింది. సముద్రం అవతల సిసిలీలో ఉన్న తన పొలాల దగ్గరికి వెళ్తూ, "నువ్వూ రావే, నీ చేతులైతే నాకు హాయి," అని నెబ్రిస్‌ను రమ్మంది. కాదనడానికి లేదు. వాన కాలం ముదరకముందే వచ్చేస్తానని పిల్లకు చెప్పి వెళ్ళింది. అక్కడ యజమానురాలి జబ్బు ముదిరింది, ఆమెకు చేసి చేసి నెబ్రిస్‌కూ జ్వరం పట్టింది. ఆమె లేచి నిలబడేసరికి సముద్రం మూసేశారు. చలికాలంలో పడవలు కదలవు, మనుషులు కదలరు, కబురూ కదలదు. ఆ చలికాలమంతా ఆమె రేవు ఒడ్డున నిలబడి ఈవలికి చూస్తూ గడిపింది.

సరిగ్గా ఆ చలికాలంలోనే స్తబేరియుస్ పుస్తకం మా ఊళ్ళోకి దిగింది. స్నానశాలలో వేడినీళ్ళ గదిలో ఒకడు గొంతెత్తి చదివాడు. అబద్ధమెందుకు, నేనూ విన్నాను, కళ్ళు చెమర్చాయి. ఆ పద్యంలో జలపాతం వీధి పూలకొట్టు నెబ్రిస్ చచ్చినవాళ్ళు దాటే నల్లటి నీళ్ళు దాటి వెళ్ళిపోతుంది. ముసలి పడవవాడు ఆమెను చూసి గడ వెయ్యడం మరిచిపోతాడు. పాతాళం వాకిట కాపలా ఉండే మూడు తలల కుక్క మెడలో ఆమె దండ వేస్తే అది తోకాడిస్తుంది. ప్రేమ దేవత వీనస్ అమ్మవారే చెయ్యి పట్టుకుని, ప్రేమించి చచ్చినవాళ్ళు తిరిగే తోటలోకి ఆమెను తీసుకుపోతుంది. ప్రియుడి ముఖం మీద తలుపు వేసిన ఆడవాళ్ళు ఇంకో పక్క చక్రాలకు కట్టేసి తిరుగుతుంటారు. నెబ్రిస్ మాత్రం పశ్చాత్తాపపడింది కాబట్టి తప్పించుకుంటుంది. చివర్న మరపు నీళ్ళు తాగుతుంది. ఇల్లు మరిచిపోతుంది, వీధి మరిచిపోతుంది, కన్నవాళ్ళనూ కడుపున పుట్టినవాళ్ళనూ మరిచిపోతుంది. స్తబేరియుస్ అన్న పేరొక్కటే ఆమె పెదవుల మీద మిగులుతుంది.

స్నానశాలలో తువ్వాళ్ళతో కళ్ళు తుడుచుకున్నారు. తుడుచుకున్నాక అనుమానం మొదలైంది.

"నిజంగానే పోయిందంటావా?" అన్నాడు ఒకడు.

"లేకపోతే అసలు పేరు పెడతాడా? బతికున్న ఆడదానికి ఏ కవైనా మారుపేరు పెడతాడు. అది మర్యాద. అసలు పేరు పెట్టాడంటే, పాపం, పోయినట్టే," అన్నాడు చదువుకున్న ఇంకొకడు.

ఆ మాటతో ఖాయమైపోయింది. మనిషి సముద్రం అవతల ఉంది, కబురు లేదు, పద్యంలో నీళ్ళు దాటిందని ఉంది. ఇంకేం కావాలి? రోమ్‌లో ఉన్న పెద్దమనిషి దగ్గరికి వెళ్ళి "అయ్యా, నా పెళ్ళాం నిజంగా చచ్చిందా?" అని అడగడానికి గాడిదలు తోలేవాడికి నోరెక్కడిది? క్రెస్కెన్స్ గాడిదల పాకలో కూర్చుని ఏడ్చాడు. మేవియా ఏడుస్తూనే పనిలో పడింది. అంత్యక్రియలు జరగని ప్రాణం ఒడ్డునే తిరుగుతుందని, ఇంటిమీదికి వస్తుందని ఆమె భయం. శవం లేకపోయినా బాట పక్కన చిన్న సమాధి కట్టించింది, ఆచారం ప్రకారం కోడలి పేరు మూడుసార్లు గట్టిగా పిలిచి, ఆ రాతిలోకి రమ్మంది. పితృదేవతల రోజులొచ్చినప్పుడు ద్రాక్షసారాలో నానబెట్టిన రొట్టె, ఉప్పు, నాలుగు పువ్వులు పెట్టింది. అత్తాకోడళ్ళకు ఎంత పడకపోయినా ఆ పువ్వులు మంచివే తెచ్చింది.

ప్రోతా అన్నీ చూసింది. ఊళ్ళో పిల్లలు కూడా పాడుకుంటున్న ఆ పద్యం మొత్తం వింది. ఒకరోజు అవ్వ దగ్గరికొచ్చి, "అమ్మ ఆ నీళ్ళు తాగేసిందా?" అని అడిగింది.

"అక్కడికి పోయినవాళ్ళంతా తాగాల్సిందేలే తల్లీ," అంది మేవియా.

ఆ తర్వాత ఆ పిల్ల ప్రశ్నలు అడగడం మానేసింది.

సముద్రం తెరవగానే మొదటి పడవలో నెబ్రిస్ ఒక్కతే బయల్దేరింది. పుతెయోలీ రేవులో దిగి, ధాన్యం బళ్ళ మీదా కాలినడకనా ఊరి బాట పట్టింది. బాట పక్క సమాధులన్నీ ఆమెకు ఎరుకే. ఏ దండ ఎవరు కట్టారో చూస్తూ నడవడం ఆమె అలవాటు. కొత్త రాయి ఒకటి కనబడింది. దాని మీద ఎండిన దండ ముడి ఊడి వేలాడుతోంది. "ఎవతి కట్టిందే ఇది, ఇలాగేనా కట్టేది," అని సర్దబోయింది. కొట్టు బల్ల మీద రోజూ చూసే అక్షరాలు రాతి మీద కనిపించాయి. ఆమెకు చదువు రాదు, తన పేరు మాత్రం గుర్తుపడుతుంది.

చెయ్యి రాతి మీద అలాగే ఉండిపోయింది. మా ఊరివాళ్ళకు రాతిలోకి పిలవడమంటే ఆటకాదు. పేరు పెట్టి మూడుసార్లు పిలిస్తే ప్రాణంలో ఎంతో కొంతైనా వచ్చి చేరుతుంది. సిసిలీలో జ్వరం తలకెక్కిన రాత్రులు ఆమెకు గుర్తొచ్చాయి. ఎవరో పిలిచినట్టు ఉలిక్కిపడి లేచేది. నేను నిజంగా లేచానా, లేక అక్కడే పోయానా అన్న అనుమానం వచ్చింది. చెయ్యి కొరుక్కుంది, నొప్పి పుట్టింది. చచ్చినవాళ్ళకు నొప్పి ఉండదని ఎవరు చెప్పారు గనక అనుకుంది. పరుగులాంటి నడకతో ఊళ్ళోకి వచ్చింది.

మొదట చూసింది తినుబండారాల కొట్టు ఓపియా. చేతిలో గరిటె పడేసి, దయ్యాలను తోలేటప్పుడు విసిరినట్టు పక్కనున్న చిక్కుడు గింజలు గుప్పెడు తీసి ఆమె మీద విసిరింది.

"పో! పో! మీ వాళ్ళ దగ్గరికి పో!"

"ఓపియక్కా, నేనే. బతికే ఉన్నా."

"చచ్చినవాళ్ళంతా అదే మాటంటారే తల్లీ, నన్నొదిలెయ్!"

వీధి తలుపులు టపటపా మూసుకున్నాయి. నెబ్రిస్ నవ్వబోయింది, నవ్వు రాలేదు. తన ఇంటి ముందుకొచ్చి, తెరిచి ఉన్న తలుపులోంచి అడుగు వెయ్యబోయింది. మేవియా చేతులు రెండూ చాచి అడ్డంగా నిలబడింది. ముసలామె చేతులు వాకిలికి అతుక్కుపోయాయి.

"గడప తొక్కావంటే ఊరుకోను."

"అత్తా, నన్ను సరిగ్గా చూడు. ఎవరో ఏదో కూశారని..."

"నీ పేరు పెట్టి నేనే పిలిచా. నీకు రొట్టె నేనే పెట్టా. తిన్నావు కూడా, తెల్లారేసరికి లేదు."

"కుక్క తినుంటుంది అత్తా!"

"కుక్కో, నువ్వో, నాకేం తెలుసు? నువ్వెందుకొచ్చావో నాకు తెలుసు. చచ్చినవాళ్ళు పిల్లల కోసమే వస్తారు. నా ప్రాణం పోయినా దాన్ని నీ వెంట కిందికి పంపను."

నెబ్రిస్ తిట్టడానికి నోరు తెరిచింది. అత్త కళ్ళలో ఉన్నది పగ కాదు, ప్రోతా కోసం పుట్టిన భయం. అది చూశాక తిట్టు గొంతులోనే ఆగిపోయింది. పైగా ఆమె పాదం కూడా గడప ముందు తనంతట తానే ఆగిపోయింది. అత్తనే కాదు, ఆ గడపను కూడా ఆమె నమ్ముతుంది.

మేవియా వెనకాల క్రెస్కెన్స్ నిలబడి ఉన్నాడు, ముఖం సున్నం కొట్టినట్టుంది. అతని వెనకాల, గోడకు ఆనుకుని ప్రోతా.

"ప్రోతా! బంగారు తల్లీ, ఇటు రావే!"

పిల్ల కదల్లేదు. "నువ్వు మమ్మల్ని మర్చిపోయావుగా," అంది. "ఆయన పేరొక్కటే గుర్తుందటగా."

సిసిలీ జ్వరంలోనూ నెబ్రిస్‌కు ఇలాంటి నొప్పి తెలియలేదు. "ఎవరు చెప్పారే నీకు?" అని గొణిగింది. పిల్ల లోపలికి వెళ్ళిపోయింది. స్తబేరియుస్ పద్యం సంగతి, అందులోని మరపు నీళ్ళ సంగతి నెబ్రిస్ మేవియా నోట అప్పుడే విన్నది.

చివరికి నెబ్రిసే అంది, "కర్మ జరిగినవాళ్ళు బతికొస్తే ఏం చెయ్యాలో నీకు తెలుసు కదత్తా. గడప తొక్కను. కప్పు మీంచి దిగుతా. మన తాతలనాటి పద్ధతే."

పద్ధతి అన్నాక మేవియా కాదనలేదు. "దిగు. కానీ దిగాక పిల్లని ముట్టుకోకూడదు, బతిమాలకూడదు. అదంతట అది నిన్ను 'అమ్మా' అని పిలిస్తే ఉండు. ఎంతైనా కన్నబిడ్డ, తల్లి ఏదో దయ్యమేదో దానికి తెలుస్తుంది. పిలవలేదంటే రేపే దాన్ని తీసుకుని కపువాలో మా అక్కగారింటికి పోతా. నువ్వు మళ్ళీ దాని కంటబడకూడదు. ఒట్టెయ్యి."

నెబ్రిస్ ఒట్టేసింది. వేరే దారి లేదు.

అప్పుడు క్రెస్కెన్స్ తన జీవితంలో మొదటిసారి తల్లిని అడక్కుండా ఒక పని చేశాడు. బయటికొచ్చి, గాడిదలకు కట్టే మోకు భుజాన వేసుకుని, పక్కింటి నిచ్చెన తెచ్చి గోడకు వేశాడు. భార్యను ముట్టుకోలేదు గానీ, "మోకు నేను పట్టుకుంటా. పైదాకా వస్తా," అన్నాడు.

అప్పటికి వీధి నిండా జనం. తలుపులు మూసుకున్నవాళ్ళే గుంపుగా ఉంటే ధైర్యమని బయటికొచ్చారు. నెబ్రిస్ పెంకుల మీదికెక్కి, చేతులూ మోకాళ్ళ మీద పాకుతూ కప్పు మధ్యలో వాన నీళ్ళ కోసం వదిలిన ఖాళీ వైపు పోతోంది. అంతలో వీధి మలుపులో పల్లకీ ఒకటి ఆగింది. తెర తొలిగింది. స్తబేరియుస్! వసంతం రాగానే తోటకు వస్తాడు కదా. కప్పు మీదున్నదాన్ని చూసి ముందు తెల్లబోయాడు. తర్వాత అతని ముఖం వెలిగింది. ఆ వెలుగు నాకు ఇప్పటికీ అసహ్యమే.

"నెబ్రిస్! పాతాళం నిన్ను వెనక్కి ఇచ్చేసిందా! ఆగు, అలాగే ఉండు, కదలకు..."

"అయ్యగారూ! మీరు రాసింది అబద్ధమని ఈ జనానికి చెప్పండి! నేను చావలేదని ఒక్క మాట చెప్పండి, మీకు పుణ్యముంటుంది. నా కూతురు నమ్మడం లేదు!"

జనం అతని వైపు తిరిగారు. ఒక్క మాట చాలు. స్తబేరియుస్ చుట్టూ చూశాడు. ఆ పద్యానికి ఏడ్చినవాళ్ళంతా అక్కడే ఉన్నారు. అబద్ధమంటే ఆ ఏడుపంతా ఏమైపోవాలి?

"కవిత్వంలో అబద్ధం ఉండదు నెబ్రిస్," అన్నాడు మెల్లగా.

జనంలో గుసగుస లేచింది. ఓపియా మళ్ళీ చిక్కుడు గింజల కోసం చూసింది. పైనుంచి పెంకు ఒకటి జారి పల్లకీ ముందు భళ్ళున పగిలింది. జారిందో, జార్చిందో నేను చెప్పను. మోసేవాళ్ళు మాత్రం అయ్యగారితో సహా మలుపు దాటేదాకా ఆగలేదు.

నెబ్రిస్ ఖాళీ అంచున కూర్చుని కిందికి చూసింది. వాన నీళ్ళు పట్టే తొట్టి నల్లగా, కదలకుండా ఉంది. ఆ నీళ్ళ పక్కన అత్త, అత్త కొంగు పట్టుకుని ప్రోతా. బతికుండగా ఈ నీళ్ళలోకి ఎన్నిసార్లు బిందె ముంచిందో, ఆ రోజు మాత్రం వాటి మీదుగా కాళ్ళు వదలడానికి జంకింది.

"పట్టుకున్నావా?" అంది మొగుడితో.

"పట్టుకున్నా. దిగు."

మోకు నడుముకు కట్టుకుని కాళ్ళు వదిలింది. సగం దిగేసరికి పైన క్రెస్కెన్స్ కాలి కింద పెంకు కదిలింది. మోకు ఒక్కసారిగా వదులైంది. నెబ్రిస్ తొట్టిలో పడింది. మోకాలు రాతి అంచుకు కొట్టుకుని చీరుకుపోయింది. లేచి నిలబడింది, జుట్టంతా తడి, ముఖమంతా కప్పు మీది మసి. పద్యంలో తెల్లటి చేతులతో తోటలో నడిచే మనిషికీ ఈ మనిషికీ పోలిక లేదు. నొప్పికి నోట్లోంచి బూతు వచ్చింది. పిల్ల ఉందని సగంలో ఆపుకుంది.

మేవియా పిల్ల భుజం గట్టిగా పట్టుకుంది. నెబ్రిస్ ఒట్టు గుర్తొచ్చి, చాచబోయిన చేతులు వెనక్కి పెట్టుకుంది.

ప్రోతా ఆమె మోకాలి మీది రక్తం చూసింది, ముఖం చూసింది.

"అక్కడ నీళ్ళు తాగావా?" అని అడిగింది.

నేను అక్కడికి పోనేలేదే పిచ్చిదానా అన్న మాట నెబ్రిస్ నాలుక చివరి దాకా వచ్చింది. ఆ మాట పొద్దున్నుంచి ఊరందరికీ చెప్పింది, ఒక్కరూ నమ్మలేదు. చలికాలమంతా ఆ పిల్ల మనసులో తల్లి అక్కడే తిరిగింది. అక్కడికి పోలేదంటే పిల్లకు ఇంకెవరో మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

"తాగమన్నారు," అంది.

"తాగావా?"

"లేదు."

"దాహం వెయ్యలేదా?"

"ఎందుకెయ్యదు? నాలుక పిడచ కట్టుకుపోయింది. పక్కనోళ్ళంతా వంగి వంగి తాగుతున్నారు. నేను నోరు బిగించుకుని కూర్చున్నా."

"ఎందుకు?"

"తాగితే నిన్ను మర్చిపోతా కదే."

ఇది అబద్ధమని నేననను. సిసిలీ రేవులో ఆ చలికాలం గడిపినది ఆమె, నేను కాదు.

ప్రోతా భుజం విదిలించుకుని వంటింట్లోకి పరుగెత్తింది. మేవియా ఆపబోయి, ఎందుకో ఆగిపోయింది. లోపల కుండ మూత చప్పుడైంది. పిల్ల మట్టి చెంబు రెండు చేతులతో పట్టుకుని, నేలంతా ఒలకబోస్తూ వచ్చింది. తల్లికి కాస్త దూరంలో ఆగి, చెంబు తొట్టి గట్టు మీద పెట్టింది.

"ఇవి మన కుండలోవి. ఇవి తాగొచ్చు."

నెబ్రిస్ చెంబు ఎత్తి తాగింది. దాహంతోనే తాగింది, గడగడా. పిల్ల ఆమె గొంతు వైపే చూస్తోంది. చెంబు ఖాళీ అయ్యేసరికి ఏదో తప్పు చేశానన్నట్టు పిల్ల ముఖం పాలిపోయింది.

"నా పేరేంటి?" అంది.

"ప్రోతా."

"మళ్ళీ చెప్పు."

"ప్రోతా. నా ప్రోతా."

పిల్ల ఊపిరి వదిలింది. ఖాళీ చెంబు తల్లి చేతుల్లోంచి తీసుకుని, వెనక్కి తిరగబోతూ అడిగింది.

"ఇంకా తేనా, అమ్మా?"